పాండిచ్చేరి పెర్షాల్, కోస్తా పందికొక్కు

1798 చివర్లో, 1799 మొదట్లో జార్జ్ బాస్, మాథ్యూ ఫ్లిండర్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు నావికులు 'నార్ఫోక్' అనే చిన్న ఓడలో టాస్మానియా చుట్టూ తిరిగి వచ్చారు. ఆ నేల ఆస్ట్రేలియాకు అతుక్కుని లేదని, విడి ద్వీపమని తేలింది ఆ ప్రయాణంతోనే. ఒడ్డున దిగిన ప్రతిచోటా బాస్ అక్కడి మట్టినీ నీటినీ జంతువులనూ చూసి రాసుకున్నాడు. ఆదివాసులు వదిలివెళ్ళిన పొయ్యిల చుట్టూ చిన్న జంతువుల ఎముకలు చాలా పడి ఉన్నాయని, అవి ఒపోసమ్‌లవి, ఉడుతలవి, కంగారూ ఎలుకలవి, బాండికూట్‌లవి అని అందులో ఉంది. ఆ రాతలను న్యూ సౌత్ వేల్స్ వలస చరిత్ర రాసిన డేవిడ్ కాలిన్స్ 1802లో తన గ్రంథం రెండో సంపుటంలో అచ్చువేశాడు. ఆస్ట్రేలియా జంతువుకు బాండికూట్ అన్న పేరు కనిపించే తొలి చోట్లలో ఇదొకటి. ఆ జాబితాలో ఒపోసమ్ అన్న మాట అమెరికాలోని వర్జీనియా తీరపు ఆదివాసులది. కంగారూ అన్నది ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో 1770లో కెప్టెన్ కుక్ ఓడ మరమ్మతుకు ఆగినప్పుడు గూగూ యిమిథిర్ జనం నుంచి విన్న మాట. బాండికూట్ తెలుగు మాట, మన పందికొక్కు. మూడు ఖండాల మాటలున్న ఆ వాక్యంలో, ఆ పొయ్యిలు వెలిగించి ఆ జంతువులను కాల్చుకు తిన్న టాస్మానియా ప్రజల మాట మాత్రం ఒక్కటీ లేదు. జంతువుల పేర్ల చరిత్రను ఎందుకు చదవాలో ఈ ఒక్క వాక్యమే చెబుతుంది. పేరు జంతువు గురించి చెప్పేది కొంతే. ఎవరు ఎవరిని ఎక్కడ కలిశారు, ఎవరి మాట విన్నారు, ఎవరిని అడగకుండా వదిలేశారు అన్నది అంతకంటే ఎక్కువగా చెబుతుంది. పందికొక్కు పేరును ఆ దృష్టితో చూస్తే, కోరమాండల్ తీరంలో రెండు వందల ఏళ్ళ పాటు జరిగిన సాంగత్యానికి అది ఒక దస్తావేజులా పనికొస్తుందని నా వాదన.

ముందు మాట సంగతి తేల్చుకోవాలి. పందికొక్కు రెండు ముక్కల మాట. రెండో ముక్క కొక్కు ఎలుక జాతికి పాత తెలుగు పేరు. ఇప్పుడు విడిగా వాడేవాళ్ళు తక్కువ కాబట్టి ఇది ఊహ అనిపించవచ్చు గానీ, దానికి గట్టి సాక్ష్యం తెలుగు బయట కూడా ఉంది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన వాల్టర్ ఇలియట్ 1839లో దక్షిణ మరాఠా దేశపు జంతువుల పట్టిక ప్రచురించాడు. అది ఈనాటి ఉత్తర కర్ణాటక ప్రాంతం. అక్కడ పొలాల్లో కలుగులు తవ్వే ఎలుకను కన్నడిగులు 'కొక్' అంటారని అతను రాశాడు. శాస్త్రజ్ఞులు కూడా ఒక దశలో దాన్ని 'ముస్ కొక్' అని పిలిచారు. మన యానాదులు అదే జంతువును కొక్కు అన్న పదంతో ముగిసే పేరుతో పిలిచేవారని ఆ తరువాతి జంతుశాస్త్ర గ్రంథాల్లో నమోదైంది. కాబట్టి కొక్కు అనేది ఒక పెద్ద ఎలుక ఒంటికి మాత్రమే తగిలించిన మాట కాదు, కొక్కుల్లో రకాలున్నాయి, వాటిలో పందికొక్కు ఒకటి. ఇలియట్ అక్కడే మరో సంగతి కూడా రాశాడు. చెరువులు తవ్వే ఒడ్డెర్లు ఈ కలుగులను తవ్వి, ఎలుకలనూ అవి దాచుకున్న గింజలనూ తీసుకుని, వాటితోనే కొన్నాళ్ళు పొట్ట పోసుకునేవారట. ఒడ్డెర్లలో చాలామంది ఇంటి మాట తెలుగే. ఈ జంతువు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఎవరో ఆ మాటతో అర్థమవుతుంది.

మొదటి ముక్క మీద ఒక అభ్యంతరం ఉంది, అది కొట్టిపారేయదగినది కాదు. చుట్టుపక్కల భాషలు ఈ జంతువుకు పేరు పెట్టేటప్పుడు దాని పరిమాణాన్నే చూశాయి. తమిళంలో పెరుచ్చాళి, మలయాళంలో పెరుచ్చాళికి దగ్గరి మాటే, రెంటిలోనూ మొదట ఉన్నది పెద్ద అని చెప్పే 'పెరు'. కన్నడ హెగ్గణలో మొదటి అక్షరం కూడా ఆ కుటుంబానిదే. అలాంటప్పుడు తెలుగులో మాత్రం పంది ఎలా వచ్చింది, అది కూడా ఏదో 'పెద్ద' అన్న మాట అరిగిపోయి పందిగా మారినదేమో అని అడగవచ్చు. దీనికి జవాబు సముద్రం అవతల దొరుకుతుంది. సింహళంలో ఈ జంతువు పేరు ఊరు మీయా. ఊరు అంటే పంది, మీయా అంటే ఎలుక. సింహళం ద్రావిడ భాష కాదు, తెలుగు పదం అక్కడ అరిగే అవకాశమూ లేదు. సంబంధం లేని రెండు భాషలు ఒకే పోలికకు వచ్చాయంటే ఆ పోలిక జంతువులోనే ఉందన్నమాట. ఉంది కూడా. ఇది కోపం వచ్చినప్పుడు పందిలా గుర్రుమంటుంది. ముట్టెతో, ముందరి కాళ్ళతో నేలను పెళ్ళగిస్తుంది. ఒళ్ళంతా బిరుసు వెంట్రుకలు, వీపు మీద పొడుగు వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. శ్రీలంక ప్రకృతి చరిత్ర రాసిన ఎమర్సన్ టెనెంట్ 19వ శతాబ్దం మధ్యలో ఇంకో పోలిక చెప్పాడు. అక్కడి కాఫీ తోటల కూలీలు దీన్ని ఇష్టంగా తింటారని, మాంసం పందిపిల్ల మాంసంలా ఉంటుందంటారని. రూపం, గొంతు, తవ్వకం, రుచి అన్నీ ఒకే వైపు చూపుతున్నప్పుడు పందిని తీసేసి ఇంకేదో వెతకనక్కరలేదు.

ఈ జంతువును విదేశీయులు చూడడం ఐరోపావాళ్ళతో మొదలు కాలేదు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా దౌలతాబాదు కోట చెరసాలల్లో పిల్లుల కంటే పెద్ద ఎలుకలు ఉన్నాయని, వాటిని చూసి పిల్లులే పారిపోతాయని రాశాడు. అదే శతాబ్దంలో జోర్డానస్ అనే క్రైస్తవ సన్యాసి ఈ దేశంలో నక్కలంత ఎలుకలున్నాయన్నాడు. ఇద్దరూ చూశారు, ఇద్దరూ జడుసుకున్నారు, ఇద్దరూ పేరు రాయలేదు. దారిన పోయేవాడికి పేరుతో పని ఉండదు. ఒకచోట కొట్టు పెట్టి, ధాన్యమూ బట్టల మూటలూ నిలవ చేసుకుని, రాత్రి వాటికి కాపలా పెట్టుకున్నవాడికే దాని పేరు కావాలి. ఎందుకంటే పొద్దున్నే పనివాళ్ళను పిలిచి ఇది ఎవరు కొరికారు అని అడగాల్సినవాడు అతనే. అందుకే ఈ జంతువు పేరు ఐరోపా భాషల్లోకి యాత్రికుల పుస్తకాల నుంచి కాకుండా వర్తకపు రేవుల నుంచి వెళ్ళింది. ఏ రేవు నుంచి అన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

దీనికి నాకు దొరికిన గట్టి ఆధారం ఫ్రెంచివాళ్ళది. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్యుఫోన్ ప్రకృతి చరిత్ర అనుబంధంలో పాండిచ్చేరి నుంచి వచ్చిన పెద్ద ఎలుకను 'పెర్షాల్' అన్న పేరుతో వర్ణించారు. ఇళ్ళలో తిరుగుతుందని, అక్కడివాళ్ళు తింటారని కూడా చెప్పారు. పెర్షాల్ అన్నది పెరుచ్చాళికి ఫ్రెంచి ఉచ్చారణ తప్ప మరొకటి అయ్యే వీలు నాకు కనిపించడం లేదు. పాండిచ్చేరి తమిళ రేవు, ఫ్రెంచి కంపెనీ ఇళ్ళలో, గిడ్డంగుల్లో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది తమిళులు, కాబట్టి ఫ్రెంచి చెవిన పడింది తమిళ పేరు. అదే తీరంలో, అవే దశాబ్దాల్లో, అదే జంతువుకు ఇంగ్లీషువాళ్ళు రాసుకున్నది పెరుచ్చాళి కాదు, హిందీలోని ఘూస్ కాదు, పందికొక్కు. యూల్, బర్నెల్ కూర్చిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు 1886లో దీన్ని తెలుగు మాటగానే తేల్చింది. అది చూపించే తొలి ఇంగ్లీషు ప్రయోగం కూడా 1789లో ఇన్నెస్ మన్రో కోరమాండల్ తీరపు యుద్ధాల గురించి రాసిన పుస్తకంలోనిది. మన్రో దాన్ని కంపుకొట్టే చుంచుతో కలిపేసి గందరగోళపడ్డాడు గానీ మాట మాత్రం సరిగ్గానే పట్టుకున్నాడు. రెండు కంపెనీలు, ఒకే తీరం, ఒకే జంతువు, రెండు పేర్లు. తేడా వచ్చింది జంతువు వల్ల కాదు, కొట్టు తలుపు తీసే మనిషి భాష వల్ల.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా వస్తుంది. ఇంగ్లీషువాళ్ళ ప్రధాన స్థావరం మద్రాసు, అది కూడా తమిళుల ఊరే, మరి అక్కడ పెరుచ్చాళి ఎందుకు అందలేదు? చరిత్ర క్రమం చూస్తే జవాబు కష్టం కాదు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషు కంపెనీ కాలుపెట్టింది 1611లో, మచిలీపట్నంలో. ఆ పక్కనే పెద్దపల్లిలో, అంటే ఇప్పటి నిజాంపట్నంలో కూడా కొట్టు పెట్టారు. 1626లో నెల్లూరు తీరాన దుగరాజపట్నానికి వెళ్ళారు. 1639లో మద్రాసు నేల వాళ్ళకు రాసిచ్చింది దామెర్ల వేంకటాద్రి నాయకుడు, తెలుగు పాలకుడు. మద్రాసులో కోట కట్టేనాటికే కంపెనీవాళ్ళు తెలుగు తీరంలో దాదాపు ముప్పై ఏళ్ళు గడిపి ఉన్నారు. మద్రాసుకు వచ్చాక కూడా వాళ్ళ తొలి పెద్ద వర్తకుల్లో, దుబాసీల్లో తెలుగువాళ్ళు చాలామంది. తెలుగును వాళ్ళు 'జెంటూ' అని పిలిచి, తమిళంతో పాటు పాలన భాషగా గుర్తించారు. గిడ్డంగి మాటలు కూడా అక్కడి నుంచే. 'గోడౌన్' అన్న ఇంగ్లీషు మాట మలయ్ భాష మీదుగా వచ్చినదే అయినా దాని మూలం తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు దగ్గర ఉందని హాబ్సన్ జాబ్సన్ కర్తలే అన్నారు. గిడ్డంగి, దాని గోడ కింద తవ్వే పందికొక్కు రెండూ ఒకే పనివాళ్ళ నోటి నుంచి ఇంగ్లీషులోకి చేరాయనుకోవడం సాహసం కాదు.

ఉత్తరాదికి ఈ మాట ఎలా పాకిందన్నది కూడా ఈ క్రమంలోనే తేలుతుంది. 1756 చివర్లో క్లైవ్ బెంగాలుకు తీసుకువెళ్ళిన సిపాయిలు మద్రాసు వైపువాళ్ళు. బెంగాల్, హిందుస్తాన్ ప్రాంతాల్లో ఆ తరువాత చాలాకాలం కంపెనీ సిపాయిని 'తిలంగా' అనేవారు, అతను ఏ ఊరివాడైనా సరే. తెలుగు నేల పేరే ఒక ఉద్యోగానికి పేరైపోయింది. అంత లోతుగా తెలుగు ముద్ర పడిన సైన్యం వెంట, సరంజామా బండ్ల వెంట ఒక ఎలుక పేరు కూడా కలకత్తా దాకా వెళ్ళిందంటే అందులో వింత లేదు. అక్కడ స్థానిక భాషల్లో దానికి చక్కటి పేర్లు ఉన్నా, ఇంగ్లీషు దొరలు మద్రాసు నుంచి తెచ్చుకున్న పేరే వాడారు.

మాట రూపం మీద అభ్యంతరాలు ఇంకా ఉన్నాయి. పందిలోని 'ప' ఎందుకు 'బ' అయింది? ఇంగ్లీషు మాట మొదట వచ్చే 'ప' కాస్త ఊపిరి వదులుతూ పలుకుతారు. మన 'ప' అలా కాదు, ఊపిరి లేకుండా తేలిగ్గా విడుస్తాం. అలాంటి 'ప' ఇంగ్లీషు చెవికి 'బ'కు దగ్గరగా వినిపిస్తుంది. దీన్ని ఒప్పుకోనివారు పరయా, పెద్దపల్లి లాంటి పేర్లను ఇంగ్లీషువాళ్ళు 'ప'తోనే రాశారు కదా అంటారు. నిజమే. అయితే పరయా ఇంగ్లీషులోకి పోర్చుగీసు దారిన వచ్చింది, పోర్చుగీసువాళ్ళ 'ప' మన 'ప' లాంటిదే కాబట్టి వాళ్ళు తప్పు వినలేదు. రేవుల పేర్లు గుమాస్తాల లెక్కల్లో, పటాల్లో మొదటి నుంచీ రాతలో స్థిరపడ్డాయి. పందికొక్కు ఎవరి లెక్కల్లోనూ లేదు, అది నోటి నుంచి చెవికి వెళ్ళిన మాట. వ్యాకరణం తెలిసినవారు ద్రుతం మీద పరుషం సరళమవుతుంది కాబట్టి 'కలుగున బందికొక్కు' లాంటి పలుకుబడి నుంచి 'బ' వచ్చి ఉండవచ్చని అనవచ్చు. కావ్యభాషకు అది ఒప్పే సూత్రమే గానీ, గిడ్డంగి కాపలావాడు ద్రుతం పలికి ఉంటాడని నేననుకోను. అంతకంటే దగ్గరి కారణం మద్రాసు ఇంగ్లీషులోనే ఉంది. అక్కడి దొరలు ఎడ్లబండిని 'బాండీ' అనేవారు, అది మన బండి. ఆ మాట అలవాటైన నాలుకకు పంది కూడా బాండీ అయి ఉంటుంది. చివర 'కొక్కు' పోయి 'కూట్' రావడం కూడా ఇలాంటిదే. కూట్ అనేది వాళ్ళ చెరువుల్లో తిరిగే ఒక నల్ల పక్షి పేరు. అర్థం తెలియని మాటను అర్థం తెలిసిన ముక్కలతో సరిచేసుకోవడం అన్ని భాషలవారూ చేసేదే, మనమూ చేశాం. ఇంగ్లీషువాడికి పంది వినిపించలేదు, ఎలుక వినిపించలేదు, బండీ పక్షీ వినిపించాయి.

ఇంతవరకు వచ్చాక, కనిపించిన ప్రతి మాటనూ తెలుగు ఖాతాలో వేసుకునే ధోరణి నుంచి జాగ్రత్తపడాలి. ముంగిస సంగతే తీసుకుందాం. ఇంగ్లీషు 'మంగూస్' తెలుగు ముంగిసే అని మనలో చాలామంది నమ్మకంగా చెబుతారు. కానీ మరాఠీలో మంగూస్ ఉంది, కన్నడంలో ముంగుసి ఉంది, ఐరోపావాళ్ళు పశ్చిమ తీరంలోనూ అంతే కాలం ఉన్నారు. ఇంగ్లీషు నిఘంటువులు మరాఠీ వైపే మొగ్గుతాయి, ధ్వనిని బట్టి చూస్తే అది న్యాయమే. మాట మూలం ద్రావిడమే అయినా, ఇంగ్లీషుకు దాన్ని అందించిన నోరు తెలుగువాడిదని చెప్పడానికి ఆధారం లేదు. పందికొక్కు విషయంలో అలా కాదు. పొరుగు భాషలన్నిటిలోనూ పేరు వేరు, తెలుగులో మాత్రమే ఈ రూపం ఉంది. నా వాదన నిలిచేది ఆ తేడా మీదే. ఇంకో పోలిక కూడా ఇక్కడే చెప్పాలి. మంగూస్ పేరు 18వ శతాబ్దంలోనే మడగాస్కర్‌లోని ఒక లెమూర్‌కు అంటుకుంది, లిన్నేయస్ 1766లో దాన్ని 'లెమూర్ మంగోజ్' అని శాస్త్రంలోకి ఎక్కించాడు. లెమూర్ పామును చంపేది కాదు, మాంసం తినే జాతీ కాదు. హిందూ మహాసముద్రపు ఓడల్లో జంతువుల పేర్లు ఇలా ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి దూకడం అప్పటికే మామూలు సంగతి.

శాస్త్రజ్ఞులు పందికొక్కును ఎలా రాసుకున్నారో చూస్తే రెండు రేవుల కథ మళ్ళీ ఒకచోట కలుస్తుంది. జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు బెష్టైన్ 1800లో దీనికి 'ముస్ ఇండికస్' అని పేరు పెట్టాడు. ఆ వర్ణనకు ఆధారమైన చోటు పాండిచ్చేరి అని ఇప్పటి గ్రంథాలు చెబుతాయి. ఆ వెంటనే 'పెర్షాల్' కూడా లాటిన్ వేషంలో శాస్త్రనామంగా వచ్చింది. 1873లో బ్రిటిష్ మ్యూజియంలోని జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ పెద్ద ఎలుకలన్నిటినీ ఒక ప్రజాతిగా విడదీసి దానికి 'బాండికోటా' అని పేరు పెట్టాడు. ఇప్పుడు పెద్ద పందికొక్కు బాండికోటా ఇండికా, మన వరి పొలాలను కొల్లగొట్టే చిన్నది బాండికోటా బెంగాలెన్సిస్. తొలి వర్ణన తమిళ రేవుది, ఇంటిపేరు తెలుగు తీరానిది. పెర్షాల్ పాత పర్యాయపదాల జాబితాలో మిగిలిపోయింది. అందం వల్లో ఖచ్చితత్వం వల్లో తెలుగు పేరు గెలిచిందని చెప్పలేం. ఇండియాలో ఫ్రెంచివాళ్ళు ఓడి ఇంగ్లీషువాళ్ళు నిలిచారు, వాళ్ళ నోట్లో ఉన్న మాటే లండన్ మ్యూజియం చీటీ మీదికి ఎక్కింది.

ఇక ఆస్ట్రేలియా. బాస్ వాడిన మాట అక్కడికి ఎలా చేరింది? ఓడ గ్రంథాలయాల్లోని పుస్తకాల ద్వారా అని కొందరనవచ్చు. కానీ 1799 నాటికి ఈ మాట అచ్చులో అరుదు, ఇండియాలో ఉండివచ్చిన నోళ్ళలో మామూలు. అప్పటి సిడ్నీలో అలాంటి నోళ్ళు తక్కువేమీ కావు. న్యూ సౌత్ వేల్స్ దళంలో అధికారి, మొక్కలను సేకరించే అభిరుచి గల విలియం పాటర్సన్ అంతకుముందు దక్షిణ ఇండియాలో సైనికుడు, కరూరు ముట్టడిలో ఉన్నవాడు. తిండిగింజలు, పశువులు, సారా, గుడ్డలు కలకత్తా నుంచి వచ్చేవి. కలకత్తా సరుకుతో బయలుదేరిన 'సిడ్నీ కోవ్' అనే ఓడ 1797లో టాస్మానియాకు ఉత్తరాన ఒక ద్వీపం దగ్గర మునిగింది. అందులో ఎక్కువమంది ఇండియా లష్కరులు, అంటే ఓడ పనివాళ్ళు. ఆ ఓడ సరుకు తేవడానికి మరుసటి ఏడు వెళ్ళినవారిలో ఫ్లిండర్స్ ఒకడు, ఆ తరువాతే అతను బాస్‌తో కలిసి టాస్మానియాను చుట్టింది. మాట ఏ ఒక్క మనిషి తెచ్చాడో చెప్పనక్కరలేదు, దారి మాత్రం స్పష్టం. కోరమాండల్ నుంచి బెంగాలుకు, బెంగాలు నుంచి సిడ్నీకి.

అక్కడ ఆ పేరు అంటుకున్న జంతువు ఎలుకే కాదు. కంగారూలా పొట్ట దగ్గర సంచిలో పిల్లలను పెంచే జాతి అది. పొడుగు ముట్టె, వంగిన వీపు, నేలలో పురుగుల కోసం చిన్న చిన్న గుంతలు తవ్వే అలవాటు, ఇవి చూసి ఇండియా తెలిసినవాళ్ళు బాండికూట్ అన్నారు. ఇది పొరపాటు పేరు, దీనికి చరిత్రలో విలువేమిటి అనే అభ్యంతరం రావచ్చు. పొరపాటే, కానీ ఎవరు పొరపాటు పడ్డారో చూడాలి. ఆ నేల మీద వేల ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు ఆ జంతువు బాగా తెలుసు, పేర్లూ ఉన్నాయి. నైరుతి ఆస్ట్రేలియాలోని నూంగార్ జనం దక్షిణపు గోధుమ రంగు బాండికూట్‌ను క్వెండా అంటారు. పొడవు చెవుల జాతిని యువాలరాయ్ జనం బిల్బీ అన్నారు. వాళ్ళను అడగకుండా, అప్పటికే తమ దగ్గరున్న ఇండియా మాటను అతికించడం వలసపాలన పద్ధతి. తెలుగు మాట గౌరవంగా సముద్రాలు దాటిందని మనం సంతోషపడేముందు, అది వెళ్ళి కూర్చున్న చోట ఇంకొకరి మాటలు తుడిచిపెట్టిందని కూడా ఒప్పుకోవాలి. పెర్షాల్‌ను పక్కకు నెట్టిన బలమే క్వెండానూ పక్కకు నెట్టింది. మేజర్ మిచెల్ 1836 యాత్రలో దొరికిన ఒక జాతికి ముందరి కాళ్ళకు రెండేసి వేళ్ళే ఉండి పంది గిట్టల్లా కనిపించాయి. దానికి ఇంగ్లీషులో 'పంది కాళ్ళ బాండికూట్' అని పేరు పెట్టారు. పంది ఆ పేరులో అప్పటికే ఉందని వాళ్ళకు తెలియదు. ఆ జాతి ఇప్పుడు లేదు. పశువుల మేత, పిల్లులు, నక్కలు, మంటలు పెట్టే పాత పద్ధతులు ఆగిపోవడం కలిసి దాన్ని మట్టుపెట్టి ఉంటాయని అంచనా.

మాట కొత్త నేలలో కొత్త జీవితం కూడా గడిపింది. ఆస్ట్రేలియా పల్లెల్లో పైన ఆకులు కదలకుండా నేలలోంచి బంగాళదుంపలు దొంగిలించడాన్ని 'బాండికూట్ చేయడం' అనేవారు. మన దగ్గర గాదె కింద పందికొక్కు అన్నది ఇంటి సొమ్మును లోలోపల తినేవాడికి తిట్టు. ఈ రెండూ ఒకే భావం వారసత్వమని ఆశపడనక్కరలేదు. రెండు జంతువులూ తవ్వేవే, మనిషి పంట మనిషి కళ్ళకు కనిపించకుండా పోతున్న బాధ రెండుచోట్లా ఒకటే. మాట అరువు, అనుభవం సొంతం. ఆ తరువాత 1996లో అమెరికాలో తయారైన ఒక వీడియో గేమ్ క్రాష్ బాండికూట్ అన్న పేరుతో ప్రపంచమంతా తిరిగింది. దాన్ని ఆడిన అమెరికా తెలుగు పిల్లలు ఎందరో ఉంటారు. తమ తాతల ఊళ్ళో పురులు, గాదెలు తవ్విన జంతువు పేరున్న ఆటనే తాము ఆడుతున్నామని వాళ్ళకు చెప్పినవారు మాత్రం తక్కువ.

మరి ఈ పేరు మొదట చెప్పినది ఎవరు? పండితులు కాదు, నిఘంటుకారులు కాదు. రాత్రి కాపలాలు, గింజలు కొలిచేవాళ్ళు, కలుగులు తవ్వే ఒడ్డెర్లు, యానాదులు, ఎలుకలు పట్టేవాళ్ళు. ఇలియట్‌కు గానీ, టెనెంట్‌కు గానీ జంతువు గురించి తెలిసిన ప్రతి విషయమూ చివరికి అలాంటివారి నుంచే వచ్చింది. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు, వాళ్ళు చెప్పిన పేరు మాత్రం ప్రపంచ శాస్త్రనామాల్లో ఉంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నేటికీ వెదురు బుట్టలు పెట్టి పొలం ఎలుకలను పట్టేవాళ్ళున్నారు. ఏ కలుగు దేనిదో, ఏది ఎప్పుడు కంకులు లాక్కుపోతుందో, ఏది గట్టుకు బొక్క వేస్తుందో వాళ్ళకు తెలిసినంత మరెవరికీ తెలియదు, ప్రతిదానికీ వాళ్ళ దగ్గర వేరే పేరు ఉంటుంది. మన నిఘంటువుల్లో ఆ పేర్లు సగం కూడా లేవు, కొక్కు అనే మాటే విడిగా వినిపించడం మానేసింది. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, వ్యవసాయ పరిశోధన కేంద్రాలు కలిసి యానాదుల, ఎరుకల, ఒడ్డెర్ల పల్లెలకు వెళ్ళి, చెప్పినవాళ్ళ పేరుతో సహా ఆ మాటలను నమోదు చేయాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో నూంగార్ జనం పెట్టిన క్వెండా అన్న పేరు ఇప్పుడు ప్రభుత్వ పత్రాల్లో వాడుకలో ఉంది. ఆ పని అక్కడ సాధ్యమైనప్పుడు ఇక్కడ కాకపోవడానికి కారణం లేదు, ఆ మాటలు తెలిసిన పెద్దలు ఉండగానే అది మొదలు కావాలి.